కరిచింది పిల్లకుక్కే కదా అనుకున్నాను

హైస్కూలు గేటు ఎదురుగా పదిహేడేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. తణుకు దగ్గర ఊరు మాది, పేరు ఎందుకులెండి. మా ఊళ్లో నా చేతిమీదుగా పోని కాగితం ఉండదు. ఆధార్ కాపీలు, పాస్‌బుక్కులు, జాతకాలు, ఈ మధ్య శుభలేఖలు కూడా వేస్తున్నాను. పోయిన సెప్టెంబరులో మా ఏఎన్ఎం గారు ఒక పోస్టరు పట్టుకొచ్చి, 28న రేబిస్ దినం అండీ, వంద కాపీలు తీసివ్వండి అన్నారు. తీసిచ్చాను. ఓ పది కాపీలు మసకగా వస్తే పక్కన పెట్టి వెనకవైపు లెక్కలు రాసుకోవడానికి వాడుకున్నాను. ముందువైపు ఏం రాసుందో మాత్రం చదవలేదు. వంద కాపీలు తీసినవాడిని, ఒక్క లైను చదవలేదు.

ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్లిళ్ల హడావిడిలో, ఒక సోమవారం పొద్దున్నే షాపు తీయడానికి వెళ్లాను. పక్క టీ బడ్డీ దగ్గర ఒక ఆడకుక్క ఉంది, దానికి నాలుగు పిల్లలు. రోజూ రెండు బిస్కెట్లు వేసేవాణ్ణి. ఆరోజు చలికి ఒక పిల్ల వచ్చి నా షట్టరు కింద సందులో దూరి పడుకుంది. షట్టరు ఎత్తితే ఎక్కడ నలుగుతుందో అని చెయ్యి పెట్టి బయటికి లాగబోయాను. నిద్రలో ఉలిక్కిపడిందేమో, కుడిచేతి బొటనవేలి మొదట్లో పట్టేసింది. వదిలేసి పారిపోయింది. రెండే రెండు చిన్న గాట్లు, సూదితో పొడిచినట్టు, ఒక దాంట్లోంచి చుక్క రక్తం.

పిల్లకుక్క, రెండు నెలలది, పాలపళ్లు, దానికేం ఉంటుంది అనుకున్నాను. బనీనుకి తుడుచుకుని, డెటాల్ రాసి, బ్యాండెయిడ్ వేసి పనిలో పడ్డాను. ఇంటికి ఫోన్ చేయలేదు. ఎందుకో నిజం చెప్తాను, మా ఆవిడ తిడుతుందని. ఆ కుక్కలకి బిస్కెట్లు వేయొద్దని ఆమె ఎన్నోసార్లు చెప్పింది, ఇప్పుడు కరిచిందంటే ఆ పాతవన్నీ తీసి నా ముందు పెడుతుంది. నాకు నలభై ఆరేళ్లు. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది గానీ ఆ ఉదయం దాదాపు గంటన్నర నేను ఆస్పత్రికి వెళ్లకపోవడానికి కారణం అదే, ఇంకేం కాదు.

ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒకాయన శుభలేఖలకి లెక్క వేయమంటే పాత కాగితాల్లోంచి ఒకటి లాగాను. బ్యాండెయిడ్ జారి దాని మీద చిన్న ఎర్ర మరక పడింది. తుడుద్దామని తిప్పితే ఆ పోస్టరే. అప్పుడు చదివాను, నాలుగైదు నెలలు నా కౌంటరు మీదే ఉన్నదాన్ని. "జంతు కాటు సంభవించిన యెడల గాయమును సబ్బు మరియు ధారగా పడు నీటితో 15 నిమిషములు శుభ్రపరచవలెను." అలాంటి తెలుగు. కోర్టు నోటీసు చదువుతున్నట్టు చదివాను. ఆఖర్న ఒక లైను ఉంది: "వ్యాధి లక్షణములు కనిపించిన పిదప చికిత్స లేదు." ఆ లైను మళ్లీ చదివాను. శుభలేఖలాయన్ని కూర్చోమని స్కూలు కుళాయి దగ్గరికి పరిగెత్తాను.

పదిహేను నిమిషాలు అంటే అబ్బే ఎంతసేపు అనుకుంటాం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి గట్టు మీద ఉంచి చూడండి, అప్పుడు తెలుస్తుంది. మూడో నిమిషానికి చాల్లే అనిపించింది. ఏడో నిమిషానికి వాచ్‌మన్ వచ్చి ఏమైంది బాబూ అంటే చెప్పలేక చెప్పాను. పదో నిమిషానికి బట్టల సబ్బు సగం అయిపోయింది, వేళ్లు ముడతలు పడ్డాయి, ఆ రెండు గాట్లూ తెల్లగా ఉబ్బి నోళ్లు తెరుచుకున్నట్టు కనిపించాయి. అంతసేపు ఎందుకో తర్వాత డాక్టర్ గారు చెప్పారు. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఒకటి ఉంటుందట, సబ్బుకి ఆ పొర కరిగిపోతుంది, వైరస్ చచ్చిపోతుంది. గాయంలో ఎంత తగ్గిస్తే నరాల్లోకి ఎక్కేది అంత తక్కువ. ఆలస్యమైనా సరే కడగాల్సిందే, గంటన్నర అయిపోయింది కదా అని మానేయకూడదన్నారు.

తర్వాత ఇంటికి ఫోన్ చేశాను. తిట్టింది. తిడుతూనే స్కూటీ వేసుకుని వచ్చేసింది. మా అమ్మ మధ్యలో ఫోన్ లాక్కుని, "ఒరేయ్, ముందు కాస్త కారం కూరి పెట్టరా, విషం లాగేస్తుంది" అంది. అమ్మ తప్పేం లేదు, ఆవిడ చిన్నప్పటి నుంచి చూసింది అదే: కారం, సున్నం, ఏవో ఆకు పసర్లు. ఇంజెక్షన్ అంటే ఆవిడకి ఇంకా భయం. మా మావయ్యకి అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచారని ఇప్పటికీ కథలా చెప్తుంది. అది అబద్ధం కాదు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకాని మన దేశంలో మానేసి ఇరవై ఏళ్లు అయింది గానీ, ఆ పద్నాలుగు సూదుల భయం మాత్రం మా ఊళ్లో ఇంకా తిరుగుతూనే ఉంది. కుక్క కరిచిందని చెప్పుకోకుండా ఉండిపోయేవాళ్లలో సగం మంది ఆ భయంతోనే అని నా అనుమానం.

పీహెచ్‌సీలో చిన్న వయసు డాక్టరమ్మ ఉన్నారు. వేలు చూసి, "రక్తం వచ్చిందా?" అన్నారు.

"చుక్కేనండి."

"చుక్కైనా రక్తమేనండి. మూడో కేటగిరీ."

కుక్క మామూలుగా తాకినా, గాయం లేని చర్మం మీద నాకినా అది ఒకటో రకం, కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా గీరుకుంటే రెండోది, కడిగి టీకా వేయించుకోవాలి. చర్మం చీలి రక్తం వచ్చినా, పుండు మీదో నోట్లో కంట్లోనో దాని చొంగ పడినా మూడోది. దానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. నా రెండు సూదిగాట్లు మూడో దాంట్లోకి వెళ్తాయని నేను కలలో కూడా అనుకోలేదు. పీక్కుపోయేంత గాయం ఉంటేనే ఆస్పత్రి అని నా లెక్క. పిల్లకుక్క గనక భయం లేదన్న నా ధైర్యం కూడా తప్పేనట. కుక్కపిల్లలకి టీకా మూడో నెలకి గానీ వేయరు, రెండు నెలల పిల్లకి ఏ రక్షణా ఉండదు, తల్లికే టీకా లేదు మరి.

టీకా పీహెచ్‌సీలోనే, ఉచితంగా. రెండు చేతుల జబ్బల మీద చెరొకటి, చర్మం పైపొరలోకే, 0.1 మిల్లీలీటరు అంటే ఎంత అనుకుంటున్నారు, సిరంజిలో కనిపించీ కనిపించనంత. వేసిన చోట దోమ కుట్టినట్టు చిన్న బుడిపె లేచింది. మావయ్య కథతో బిగుసుకుపోయి కూర్చున్నవాణ్ణి, అయిపోయిందా అని అడిగాను. సిస్టర్ గారు నవ్వారు.

ఇమ్యునోగ్లోబులిన్ మాత్రం అక్కడ లేదు. ఏరియా ఆస్పత్రికి రాసిచ్చారు. అక్కడ ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకి, ఓపీ చీటీ ఒక చోట, సంతకం ఒక చోట, మందు గది తాళం ఉన్నాయన భోజనానికి వెళ్లాడు, మధ్యాహ్నం మూడైంది. ఈ తిప్పలకి విసిగి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ఉంటారా అంటే ఉంటారు, నా ముందు క్యూలో ఉన్న ఒక ముసలాయన వెళ్లిపోయాడు. ఆయన్ని ఆపాల్సింది నేను. అప్పటికి నాకు కూడా దీని సంగతి సరిగా తెలీదు.

సంగతి ఏమిటంటే, టీకా వేసిన వెంటనే పని చేయదు. మన ఒంట్లో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు తయారవడానికి వారం పైనే పడుతుంది. ఈలోగా వైరస్ గాయం దగ్గర నుంచి నరం పట్టుకుని మెదడు వైపు ప్రయాణం మొదలుపెడితే? ఆ సందు మూయడానికే ఈ ఇమ్యునోగ్లోబులిన్, అంటే రెడీమేడ్ యాంటీబాడీలు. నాకు ఇచ్చింది గుర్రాల నుంచి తీసింది. బరువు తూచి, కేజీకి 40 యూనిట్ల చొప్పున లెక్కేశారు, 68 కేజీలకి 2,720 యూనిట్లు. దాన్ని గాయంలోకే, గాయం చుట్టూ ఎక్కించాలి. తొడకి వేస్తే తొడలో ఉంటే ఏం లాభం, వైరస్ ఉన్నది వేలి దగ్గర కదా. బొటనవేలి మొదట్లో కండ ఎంతుంటుంది చెప్పండి. పట్టినంతే ఎక్కించారు. ఈ మొత్తం వ్యవహారంలో నొప్పి అంటే ఇదొక్కటే, ఇది మాత్రం దాచను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చర్మం బిగిసి బల్బులా మెరిసింది. మా ఆవిడ నా ఎడమచెయ్యి పట్టుకుని పైకి ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది, తిట్లు అక్కడితో ఆగాయి. రియాక్షన్ ఏమైనా వస్తుందేమో అని అరగంట ఉంచి పంపించారు. ఆరోజే దొరక్కపోయినా మొదటి టీకా పడిన ఏడు రోజుల్లోపు దీన్ని వేయించుకోవచ్చట. ఆ ముసలాయనకి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండు.

కార్డు ఇచ్చారు. 0, 3, 7, 28 అని నాలుగు గడులు. ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారని సిస్టర్ గారు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు. సోమవారాన్ని ఒకటో రోజు అనుకుంటే మూడోది బుధవారం వస్తుంది. కానీ సోమవారం సున్నా. కాబట్టి గురువారం, మళ్లీ సోమవారం, ఆఖరిది నాలుగు వారాలకి మళ్లీ సోమవారమే. ప్రైవేటులో కండకి వేసేచోట 14వ రోజు కూడా కలిపి ఐదు ఉంటాయి, అది వేరే పద్ధతి, రెండూ కలపకూడదని ఏ పద్ధతిలో మొదలుపెడితే అందులోనే పూర్తి చేయమన్నారు.

ఇక ఆ వారం రాత్రుళ్ల గురించి. కుక్క పది రోజులు బతికి మామూలుగా ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేనట్టే. అందుకని రోజూ షాపుకి వెళ్లగానే ముందు ఆ పిల్లని చూసేవాణ్ణి. నాలుగో రోజు అది లేదు. టీ బడ్డీ బాబాయిని అడిగితే, "ఎవరో పెంచుకుంటామని రెండు పిల్లల్ని పట్టుకుపోయారు, పాలకొల్లు వాళ్లో ఎవరో" అన్నాడు. అంతే, ఇంక తెలుసుకునే దారి లేదు. ఆ రాత్రి ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను, చదవకూడదు గానీ చదివాను. లక్షణాలు మామూలుగా రెండు మూడు నెలలకి బయటపడతాయి, వారంలోనూ రావచ్చు, ఏడాదికీ రావచ్చు. వస్తే నీళ్లు చూస్తే గొంతు పట్టేస్తుంది. వచ్చాక ఇంక మందు లేదు. నమ్ముతారో లేదో, అర్ధరాత్రి రెండు గంటలకి లేచి వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి చూసుకున్నాను. దిగాయి. అయినా ఇంకో గ్లాసు తాగాను. మూడు రాత్రులు ఇదే పని. నాలుగో రాత్రి మా ఆవిడ లైటు వేసి, "ఏవండీ, నీళ్లు బాగానే దిగుతున్నాయి, బాత్రూంకి తిరగడంతోనే మీరు పోయేలా ఉన్నారు, పడుకోండి" అంది.

పథ్యం సంగతి కూడా చెప్పాలి. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, చేప అసలే వద్దు, నలభై రోజులు. ఇది షాపుకి వచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు. డాక్టరమ్మని అడిగితే టీకాకి పథ్యం ఏమీ లేదండి, అన్నీ తినండి అన్నారు. ఆదివారం చేపల పులుసు తిన్నాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

ఏడో రోజు డోసుకి మేనకోడలి పెళ్లికి రాజమండ్రిలో ఉన్నాను. తప్పిపోతుందేమో అని టెన్షన్ పడ్డాను గానీ, అక్కడి అర్బన్ హెల్త్ సెంటర్‌లో కార్డు చూపిస్తే ఐదు నిమిషాల్లో వేసి పంపించారు. పెళ్లిలో అందరూ అడిగారు, ఎందుకు వెళ్లావు అని. చెప్పాను. అప్పుడు మా తోడల్లుడు మెల్లగా, నన్ను పక్కకి తీసుకెళ్లి, తనకి రెండు నెలల కిందట వీధికుక్క పిక్క మీద గీరిందని, ఎవరికీ చెప్పలేదని, ఇప్పుడేమైనా అవుతుందా అని అడిగాడు. ఆయన బ్యాంకులో ఆఫీసరు. రెండు నెలలైనా సరే వెళ్లి చూపించుకోవాల్సిందే అని చెప్పి, మర్నాడు నేనే వెంటపడి పంపించాను.

అప్పుడు అర్థమైంది నాకు, మనవాళ్లకి తెలియక కాదు. కుక్క కరిస్తే ఇంజెక్షన్ అన్న సంగతి తెలియనివాడు మా జిల్లాలో ఎవడున్నాడు? చెప్పుకోవడానికే మొహమాటం. ఇంత చిన్నదానికి ఆస్పత్రా అంటారని, ఎవరో తిడతారని, నవ్వుతారని.

ఏఎన్ఎం గారితో ఇదే అంటే, అయితే మీరే ఒకసారి స్కూల్లో మాట్లాడండి, మేం చెప్తే పిల్లలు వినడం లేదు అన్నారు. హెడ్మాస్టర్ గారు ప్రార్థన తర్వాత పది నిమిషాలు ఇచ్చారు. నేను మైకు ముందు మాట్లాడినవాణ్ణి కాదు. జేబులో కార్డు, చేతి మీద మచ్చ, అంతే నా సరంజామా. ఈ టీకా కనిపెట్టిన పాశ్చర్ కథ చెప్పాను ముందు, 1885 జులై 6న ఫ్రాన్స్‌లో తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటిసారి ఈ టీకా వేసి బతికించిన కథ, ఆయన చనిపోయిన తేదీనే సెప్టెంబరు 28, రేబిస్ దినం పెట్టింది అందుకే అని. తొమ్మిదేళ్లు అనగానే ఆరో తరగతి వాళ్లు కాస్త తలెత్తారు. తర్వాత అడిగాను, మీలో ఎప్పుడైనా కుక్క గానీ పిల్లి గానీ కరిచినవాళ్లు, గీరినవాళ్లు చేతులెత్తండి అని. ఎన్ని చేతులు లేచాయంటే మాస్టార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో చెప్పినవాళ్లు ఉంచండి, మిగతావాళ్లు దించండి అన్నాను. సగానికి పైగా దిగిపోయాయి. ఎందుకు చెప్పలేదురా అంటే ముందు వరసలో ఒక పాప, "తిడతారండి" అంది. నేను ఇంకేం మాట్లాడాలో మర్చిపోయాను.

ప్రపంచంలో రేబిస్ ఉందన్న అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పిల్లలు పొట్టిగా ఉంటారు, కుక్కకి మొహం, మెడ అందుతాయి, అక్కడ కరిస్తే మెదడుకి దారి దగ్గర. ఆ పిల్లలే చెప్పకుండా దాచుకుంటే ఇంక టీకా ఎంత ఉచితమైతే ఏం లాభం?

ఆ సాయంత్రం నేనే ఒక కాగితం తయారుచేశాను. ఏ4లో సగం. "కుక్క, పిల్లి, కోతి: కరిచిందా? గీరిందా? పుండు మీద నాకిందా? ముందు కుళాయి. సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసి. కారం, సున్నం, పసరు వద్దు. అదే రోజు పీహెచ్‌సీ. సూదులు బొడ్డు చుట్టూ కాదు, జబ్బకి, దోమ కుట్టినట్టే. నాలుగూ పూర్తి చేయాలి." కింద పెద్ద అక్షరాల్లో "పిల్లలు చెప్తే తిట్టకండి". ఏఎన్ఎం గారు, డాక్టరమ్మ చదివి ఒకచోట దిద్దారు, పోస్టరు తెలుగు మాత్రం పెట్టనివ్వలేదు నేను. ఇప్పుడు ఎవరు ఏ జిరాక్స్‌కి వచ్చినా మధ్యలో ఒకటి పెట్టి ఇస్తున్నాను. కొంతమంది అక్కడే పడేస్తారు. ఏరి మళ్లీ పెడతాను, కాగితం ఖర్చే కదా.

టీ బడ్డీ బాబాయి కూడా కాస్త మారాడు. జులై 6న పశువుల ఆస్పత్రుల్లో కుక్కలకి ఈ టీకా ఉచితంగా వేస్తారు, ఆ తల్లికుక్కనీ మిగిలిన రెండు పిల్లల్నీ అక్కడికి తీసుకెళ్దామన్నాడు. గోనెసంచి అతనిది, ఆటో డబ్బులు నావి.

నా 28వ రోజు డోసు మార్చిలో అయిపోయింది. ఆ కార్డు పారేయొద్దన్నారు, మళ్లీ ఎప్పుడైనా కరిస్తే 0, 3 రెండు డోసులు చాలట, గాయంలో పొడిచేది అక్కర్లేదట. లామినేషన్ చేసి పెట్టుకున్నాను, ఎలాగూ మిషను నాదే.

మొన్న బుధవారం బడి వదిలే ముందు ఏడో తరగతి పిల్లాడు ఒకడు వచ్చి షాపు ముందు నిలబడ్డాడు. ఏం కావాలిరా అంటే మాట్లాడడు, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. చూపించు అంటే మణికట్టు మీద పిల్లి గీరిన మూడు గీతలు, ఒకటి ఇంకా తడిగా ఉంది. "అంకుల్, మా అమ్మకి చెప్పకండి" అన్నాడు. సరే ముందు పద అని స్కూలు కుళాయికి తీసుకెళ్లి సబ్బు చేతికిచ్చి ఫోన్ గట్టు మీద పెట్టాను. రెండు నిమిషాలకే అయిపోయిందా అని అడిగాడు. ఇంకా పదమూడు అన్నాను. కడుగుతూ కడుగుతూ వాడే పిల్లి సంగతంతా చెప్పాడు. పదిహేను నిమిషాలయ్యాక వాళ్లమ్మకి ఫోన్ చేసి, చెప్పినందుకు వాణ్ణి ఒక్క మాట అనొద్దమ్మా అని ముందే మాట తీసుకుని, అప్పుడు విషయం చెప్పాను. ఆవిడ వచ్చింది, ముగ్గురం పీహెచ్‌సీకి వెళ్లాం.

వాడి కార్డు వాడు పోగొడతాడని ఒక కాపీ తీసి సొరుగులో పెట్టాను. బుధవారం సున్నా, కాబట్టి శనివారం, మళ్లీ బుధవారం. శనివారం స్కూలు సగం పూటే. పదకొండుకల్లా వాడు షాపు దగ్గరికి రాకపోతే నేనే వాళ్లింటికి వెళ్లాలి.